ఇరవై శాతం వేగంలో ఒక నవ్వు

కర్నూలులో పెళ్లి వీడియోల మిక్సింగ్ షాపు పెట్టిన మొదటి రెండేళ్లలో నేను తిన్న తిట్లూ తన్నులూ అన్నీ స్లో మోషన్ తక్కువైనందుకే. ఎక్కువైందని నన్ను ఒక్కరూ కొట్టలేదు. రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లు అయివుంటుంది. మా సీమలో అప్పుడు బండి దిగేవాడు ఎవడైనా సరే, వాడు ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు కుట్టేవాడైనా సరే, కాలు నేలకు ఆనడానికి పది సెకన్లు పట్టాలి. చెప్పు కింద దుమ్ము లేచి, కాసేపు ఆలోచించుకుని, మళ్లీ కూర్చోవాలి. సినిమాల్లో వేటకొడవళ్లు పట్టుకున్నవాళ్లు అట్లా దిగుతారు కాబట్టి, పెళ్లిలో తాంబూలం పళ్లెం పట్టుకున్నవాళ్లూ అట్లాగే దిగాలి.

కోడుమూరు నుంచి బట్టల అంగడి సెట్టి ఒకాయన కూతురి పెళ్లి సీడీ పట్టుకుని వచ్చాడు. "ఏమప్పా, మా బామ్మర్ది స్కూటర్ దిగేది పన్నెండు సెకన్లు, నేను కారు దిగేది మూడు సెకన్లా? నన్నేమన్నా కుక్కలు తరుముకొస్తే దిగినానా?" అని నా కీబోర్డు మీద పిడికిలితో ఒక గుద్దు గుద్దాడు. మీటలు పదకొండు ఊడి గోడకు తగిలాయి. అందులో ఎంటర్ మీట నేటికీ దొరకలేదు. ఆ రోజు నుంచి నేను ఎవరినీ మామూలు వేగంతో నడవనివ్వలేదు. పెళ్లికొడుకును, పురోహితుణ్ణి, వంటవాణ్ణి, పందిట్లోకి పొరపాటున దూరిన దున్నపోతును కూడా తేలించాను.

స్లో మోషన్ అంటే బ్రహ్మవిద్య కాదు. కెమెరా సెకనుకు ఇరవై అయిదు బొమ్మలు తీస్తుంది. కంప్యూటర్లో మనకు కావలసిన ముక్కను ఎంచుకుని నొక్కితే, వేగం అని ఒక గడి వస్తుంది. అందులో వంద అని ఉంటుంది. దాన్ని చెరిపి ఇరవై అని కొడితే ఒక సెకను అయిదు సెకన్లవుతుంది. మరి తక్కువపడిన వంద బొమ్మలు ఎక్కడినుంచి వస్తాయి? అక్కడే ఉంది కిటుకు. సాఫ్ట్‌వేరు వాటిని తనే కల్పిస్తుంది. ఈ బొమ్మనూ ఆ బొమ్మనూ కలిపి మధ్యలో పలచటి బొమ్మలు పుట్టిస్తుంది. జరగనిదాన్ని జరిగినట్టు, అదీ చాలా నమ్మకంగా, తీరిగ్గా చూపిస్తుంది. ఈ గుణం నాకు పుట్టుకతోనే ఉంది కాబట్టి ఆ సాఫ్ట్‌వేరూ నేనూ ప్రాణస్నేహితులమైపోయాం.

మా అత్తగారి ఊరు కోడుమూరు దాటి పడమటికి పోతే వస్తుంది. ఆ ఊళ్లో ఉగాది మర్నాడు మధ్యాహ్నం పిడకలతో కొట్టుకుంటారు. ఏదో మొక్కుబడికి నాలుగు విసిరి ఇంటికి పోవడం కాదు. పై గేరి వాళ్లు ఒక పక్క, కింద గేరి వాళ్లు ఒక పక్క. ఇల్లు ఏ వీధిలో ఉంటే మనిషి ఆ పక్క. రెండు నెలల ముందు నుంచే ఇంటింటా పిడకలు తట్టి మిద్దెల మీద ఎండబెడతారు. మా ఎండకు రెండు నెలలు ఎండినది పిడక కాదు, పేడతో చేసిన కడప బండ. గుడి ముందరి బయల్లో రెండు గుట్టలు, ఒక్కొక్కటి ఏనుగంత, పోసుకుని నిలబడతారు. డప్పు మోగుతుంది. ఆ తర్వాత అరగంట సేపు ఆకాశం కనపడదు. ముక్కులు పగులుతాయి, నుదుళ్లు చిట్లుతాయి, చెవులు చిరుగుతాయి. ఒకాయనకు తగిలిన పిడక ముక్క మెడ వెనక నుంచి చొక్కాలో దూరి, సాయంత్రం స్నానానికి పోయినప్పుడు బయటపడింది.

ఇంత నెత్తురు కారినా ఆ ఊళ్లో కక్షలు లేవు. కారణం దుమ్ము. ఎర్రటి దుమ్ము లేచి అరచెయ్యి కూడా కనపడదు. ఎవరు ఎవరిని కొట్టారో ఎవరికీ తెలియదు, తెలిసినా చెప్పకూడదు. డప్పు ఆగగానే రెండు గేరుల వాళ్లూ కలిసి గుడి ముందర గాయాలకు విభూది పెట్టించుకుని ఇంటికి పోవాలి. 'ఎవరు కొట్టినారు?' అని అడిగినవాడికి ఆ ఊళ్లో నీళ్లు పుట్టవు. ఎన్ని తరాల నుంచో దుమ్ము కాపాడుతూ వచ్చిన ఊరు అది. దాన్ని ఒక్క సీడీతో తగలబెట్టినవాణ్ణి నేను.

ఆ ఏడాది మా మామ ముందరి పళ్లు రెండు ఒకే దెబ్బకు పోయాయి. గడ్డం నుంచి బొడ్డు దాకా నెత్తురుతో, ముఖానికి విభూదితో ఇంటికి వచ్చి, తువ్వాలు కొసన మూటకట్టుకున్న పళ్లు నాకు చూపించాడు. "సూడు అల్లుడా, రెండూ ఒకటేసారి! శానా గట్టి పిడక. ఎవురి ఇంటిదో గానీ, ఆ పేడ పెట్టిన బర్రెకు దండం పెట్టాల" అన్నాడు. ఆయన ముఖంలో కోపం వెతికినా లేదు. జొన్నరొట్టెను పులుసులో నానబెట్టుకుని, రాజు గెలిచొచ్చినట్టు కూర్చుని తిన్నాడు. నేను అక్కడితో ఆగివుంటే ఈ కథ ఉండేది కాదు.

కానీ నేను ఆ మధ్యాహ్నమంతా నడిమింటి మిద్దె ఎక్కి కెమెరాలో తీశాను. కర్నూలు వచ్చి చూసుకుంటే దుమ్ములో ఒకచోట చిన్న సందు. ఆ సందులో ఒక చెయ్యి లేస్తుంది, పిడక బయలుదేరుతుంది, మా మామ పళ్లు బయలుదేరుతాయి. మొత్తం సెకను కంటే తక్కువ. ఆ చెయ్యి ఎవరిదా అని చూస్తే మా చిన్నమామది. అంటే మామకు సొంత తమ్ముడు. పై గేరిలో ఇల్లు కట్టుకున్నాడు కాబట్టి అటుపక్క నిలబడ్డాడు. విసిరిన వెంటనే దుమ్ము గొంతులో పోయి ఆయనకు దగ్గు వచ్చింది. నేను ఆ ముక్కకు ఇరవై శాతం కొట్టాను. దగ్గు కాస్తా నవ్వయింది. నోరు మెల్లగా తెరుచుకుంటుంది, కళ్లు మూసుకుపోతాయి, భుజాలు కులుకుతాయి. గొంతు కూడా అయిదింతలు సాగి "హో... హో... హో..." అని బావిలోంచి రాక్షసుడు పలికినట్టు వినపడుతుంది. నేను కుర్చీలోంచి కింద పడి నవ్వాను. మామా నవ్వుతాడనుకున్నాను. ఇంత తెలివి తక్కువ ఆలోచన నాకు అంతకు ముందు రాలేదు; తర్వాత వచ్చినా ఎవరికీ చెప్పలేదు.

ముందూ వెనకా కొట్లాట కలిపి మూడు నిమిషాలైన ముక్క కంప్యూటర్లో ఉడకడానికి ఆరు గంటలు పట్టింది. డప్పు మోత కలిపి, సీడీ కొట్టి, వారం తర్వాత ఊరికి తీసుకుపోయాను. మామ ఇంట్లో టీవీ ముందర రెండు గేరుల జనం కిక్కిరిశారు. పళ్లు రెండూ గాలిలో తిరుగుతూ పోవడం చూసి ఊరు ఊరంతా ఈలలు వేసింది. "ఇంగోసారి! ఇంగోసారి!" పదిహేడు సార్లు వేయించారు. చిన్నమామ ఆ పొద్దు చేనికి పోయివుండబట్టి అప్పటికి బతికిపోయాడు.

మామ మొదటిసారి గమ్మున చూశాడు. రెండోసారి ముందుకు జరిగాడు. మూడోసారి టీవీకి ముక్కు తగిలేంత దగ్గరికి పోయాడు. పదిహేడోసారి లేచి నిలబడ్డాడు.

"కొట్టినందుకు కాదప్పా," అన్నాడు, పళ్లు లేని సందులోంచి గాలి పోతుంటే. "కొట్టేది ఆచారం. నా పళ్లు ఊడిపోతాంటే నగుతాండాడు సూడు వాడు. మా అమ్మ సచ్చిపోతే వాన్ని నేను భుజాన ఏసుకొని పెంచినా. వాడు నగుతాండాడు."

"దగ్గు మామా అది! నేను నిదానం చేసినందుకు అట్ల కనపడతాండాది" అన్నాను.

"నోరు ముయ్యి. దగ్గేవాడు హోహో అంటాడా?"

గోడకు ఆనించిన కాడిమాను భుజాన వేసుకుని పై గేరికి నడిచాడు. ఊరంతా వెనకే. చిన్నమామ అప్పుడే చేని నుంచి వచ్చి గాటిపాటి దగ్గర ఎద్దుకు సొప్ప వేస్తున్నాడు.

"ఏమిరా, నగినావంట?"

"యాడ నగినా? ఎప్పుడు నగినా?" అన్నాడు చిన్నమామ, చేతిలో సొప్పకట్టతో.

అదే ఆయన ఆఖరుగా నిలబడి అడిగిన ప్రశ్న. కాడిమాను వీపున పడింది. ఆయన ముందుకు తూలి, లేస్తూనే పార అందుకున్నాడు. పార కామ మామ మోకాలి మీద పడిన చప్పుడు ఆదోనిలో వినపడివుండాలి. నేను అల్లుణ్ణి కాబట్టి మధ్యలో దూరాను. అల్లుడికి ఇచ్చే మర్యాద ఆ రోజు నాకు రెండు పక్కలా అందింది: ఎడమ భుజానికి కాడి, కుడి డొక్కకు పార. చిన్నత్త బిందె విసిరింది. అది ఎవరి కోసం విసిరిందో గానీ వచ్చింది మాత్రం నా దగ్గరికే. బెదిరిన ఎద్దు వెనక్కి తన్నిన తన్నుకు నేను ఎగిరి పేడదిబ్బ మీద పడ్డాను. నాకు తెలిసి అంతటి దూరం నేను అంతకు ముందు బస్సులో తప్ప ప్రయాణం చేయలేదు. జనం విడదీసేసరికి మామ కణత నుంచి, చిన్నమామ పెదవి నుంచి నెత్తురు కారుతోంది.

నా పెళ్లాం నన్ను పేడదిబ్బ మీదినుంచి లేపుతూ చెవిలో అంది: "ఏమయ్యా, నీకేమన్నా బుద్ధి ఉండాదా? వాళ్లిద్దరికీ చెరొక ఎద్దే. ముంగారు వాన పడితే గొర్రు ఎట్ల కడతారు?"

అప్పుడు నాకు అసలు దెబ్బ తగిలింది. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు జత ఎద్దుల్లో చెరొకటి తీసుకున్నారు. ముంగారు తొలివాన పడిన రోజు రెండింటినీ ఒక కాడికి కట్టి, విత్తే గొర్రుతో ముందు అన్న చేను, తర్వాత తమ్ముడి చేను విత్తుకునేవాళ్లు. మెట్ట పొలం. తొలివాన తడి మూడు రోజులు నిలుస్తుంది. ఆ మూడు రోజుల్లో బుడ్డలు, అదే వేరుశనగ, విత్తకపోతే రెండు కుటుంబాలకూ ఆ ఏడాది లేనట్టే. పక్క ఊళ్లో ఎద్దును అడుగుదామంటే, తడి ఉన్న మూడు రోజులూ ఎవరి ఎద్దు వాళ్ల చేలోనే ఉంటుంది.

నేను తప్పు దిద్దుదామని పరుగున కర్నూలు పోయి, అదే ముక్కను మామూలు వేగంలో సీడీ చేసి తెచ్చాను. చెయ్యి లేచింది, దుమ్ము, దగ్గు, అయిపోయింది. ఎవరికీ ఏమీ కనపడలేదు. "ఇదీ అసలుది, ఇట్లనే జరిగింది" అన్నాను. చావడిలోని పెద్దమనిషి ఒకాయన బీడీ ఆర్పి, తల అడ్డంగా ఊపాడు. "పేకముక్కల మోసగాడు తొందరగా తిప్పుతాడు నాయనా. నిదానంగా సూపించేవానికి దాచేదేముంటాది? నీ పాతదే నిజం. ఇది నువ్వు మీ చిన్నమామ కోసం కోసేసినావు." ఊరంతా తల ఊపింది. ఇంత పకడ్బందీ తర్కం ముందు నా ఇరవై అయిదు బొమ్మల లెక్క నిలబడలేదు.

రెండు నెలలు గడిచాయి. అన్నదమ్ములు ఎదురుపడితే రాళ్లు అందుకుంటున్నారు. మబ్బులు పడమటి నుంచి వచ్చి తొంగిచూసి పోతున్నాయి. ఇక లాభం లేదని పెద్దలు చావడిలో కూర్చుని తీర్పు చెప్పారు. భూమ్మీద ఇంకే కోర్టూ అట్లాంటి తీర్పు చెప్పివుండదు.

"ఒకే ఒక్క పిడక. అదే దూరం. తమ్ముడు చేతులు కట్టుకొని నిలబడాల, అన్న ఇసరాల. ఇసిరినాక నీకు నగాలనిపిస్తే నగుకో. అల్లుడు తీయాల, ముందర తీసినట్టే నిదానం చేయాల, ఊరికంతా సూపించాల. దాంతో సరికి సరి. మర్నాడు ఎద్దులు కట్టాల."

చిన్నమామ ఒప్పుకున్నాడు. "నేను నగలేదు. అయినా నిలబడతా" అన్నాడు.

పొద్దున్నే గుడి ముందర నిలబెట్టారు. పెద్దమనిషి పిడకను విరగని మేరకు నొక్కి, లోపల రాయి లేదని తేల్చి మామ చేతిలో పెట్టాడు. ఈసారి దుమ్ము లేదు, డప్పు లేదు. గాలి కూడా లేదు. నేను కెమెరాను మామ ముఖానికి పెట్టాను. చిన్నమామ చేతులు కట్టుకుని, కళ్లు మూసుకోకుండా అన్న వైపే చూస్తూ నిలబడ్డాడు. మామ పళ్లకే గురి పెట్టాడు. కానీ వదిలేటప్పుడు మణికట్టు అదిరింది. పిడక ఎడమ చెవి మీద పగిలింది. టెంకాయ పగిలినట్టు ఒక చప్పుడు. చిన్నమామ నిలబడ్డవాడు నిలబడ్డట్టే పక్కకు ఒరిగి పడిపోయాడు. చెవిలోంచి నెత్తురు మెడ మీదికి, మెడ మీదినుంచి మట్టిలోకి.

మామ "అయ్యో!" అని ఒక కేక పెట్టాడు. నా జన్మలో అట్లాంటి కేక వినలేదు. తమ్ముడి మీద పడి, తువ్వాలుతో చెవి అదిమిపట్టి ఏడ్చాడు. ఎవరో బండి కట్టి కోడుమూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. ఇక్కడ నేను ఏదీ పెంచి చెప్పడం లేదు. పెంచడానికి చోటు లేదు.

తీర్పు తీర్పే. నేను కర్నూలు పోయి ఆ ముక్కకు ఇరవై కొట్టాను. ఆరు గంటలు ఉడికాక ఒకసారి చూసి, రెండోసారి చూడకుండా సీడీ కొట్టాను. రెండు రోజులు సీడీని సంచిలోనే పెట్టుకుని తిరిగాను. మూడోరోజు ఊళ్లో వాన పడిందని కబురు వచ్చింది. ఇక తప్పక బయలుదేరాను.

మామ నన్ను లోపలికి లాగి తలుపు గడియ పెట్టాడు. బయట అప్పటికే ఊరు చేరుతోంది. "అల్లుడా, ముందర నాకు ఒక్కనికే సూపీ. నేను ఏడ్సింది కనపడతాదేమో. కనపడితే ఆ ముక్క తీసెయ్యప్పా. ఊర్లో మగోడు ఏడ్సినాడనుకుంటారు."

"కనపడదు మామా" అన్నాను.

వేశాను. తెర మీద ఆయన ముఖం. చెయ్యి తేలుతూ వచ్చింది, పిడక వదిలింది. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత నోరు మెల్లగా, పువ్వు విచ్చుకున్నట్టు తెరుచుకుంది. పళ్లు లేని సందు కనపడింది. బుగ్గలు పైకి లేచాయి, కళ్లు సన్నబడ్డాయి, భుజాలు కదిలాయి. "ఆ... హా... హో..." అని గొంతు సాగింది. తమ్ముడు చెవి పగిలి పడుతుంటే అన్న అయిదింతలు తీరిగ్గా నవ్వుతున్నాడు.

"ఎవురు ఇది?" అన్నాడు మామ.

"నువ్వే మామా."

"నేను ఏడ్సినా."

"తెల్సు. కెమెరా వెనకాల నేనే గదా ఉండేది."

"మల్ల నగుతాండాడేంది వాడు?" సొంత ముఖాన్నే 'వాడు' అన్నాడు. రెండు నెలల నుంచి నేను చెబుతున్నది ఇదే. ఆయన తెర ముందర కూలబడ్డాడు. "అయితే వాడు దగ్గిందే నిజమా?" అన్నాడు.

"దగ్గినాడు మామా. దుమ్ముకు."

మామ ప్లేయరులోంచి సీడీ తీసి రెండు చేతులతో విరిచాడు. అది పెళుక్కున విరిగి అరచేతిని కోసింది. ఆ నెత్తురు చేత్తోనే గడియ తీశాడు.

"యాడికి పోతాండావు? సినిమా యాడ?" అని జనం అరిచారు. విరిగిన సీడీ చూశాక ఊరు ఊరంతా నా మీద పడింది. మూడు రోజులు కాచుకున్న ఆట ఆగిపోతే ఎవరైనా ఏం చేస్తారు? నా చొక్కా ఆరు గుడ్డలైంది. మూడు పై గేరికి, మూడు కింద గేరికి పోయాయి. బీడీ పెద్దమనిషి స్వయంగా నా జుట్టు పట్టుకున్నాడు. ఆ గుంపు సందులోంచి చూస్తే, మామ ఎద్దు పలుపు పట్టుకుని పై గేరి వైపు కుంటుకుంటూ పోతున్నాడు. నన్ను కొడుతున్నవాళ్లు కొట్టడం ఆపి ఆయన వెనక నడిచారు. నేనూ నడిచాను.

చిన్నమామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చెవికి పసుపు అంటిన దూది, తలచుట్టూ కట్టు. అన్నను చూసి కదలలేదు. మామ పోయి పక్కన నిలబడి, తల వంచుకుని, "నువ్వు నగలేదురా" అన్నాడు.

చిన్నమామ ఎదురుగా ఎద్దునే చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు చిన్నత్త లోపలినుంచి అంది: "ఆ పక్క చెవి ఇంగ వినపడదు బావా. డాక్టరు సెప్పినాడు."

మామ ముఖం అప్పుడు ఎట్లా మారిందో నేను ఏ వేగంలోనూ చూపించలేను. ఆయన ఎద్దును వదిలి, అరుగు చుట్టూ తిరిగి కుడిపక్కకు వచ్చి, వంగి తమ్ముడి చెవి దగ్గర మళ్లీ చెప్పాడు.

"నువ్వు నగలేదురా. దగ్గినావు."

"ఏమంటివి?" అన్నాడు చిన్నమామ.

"దగ్గినావు అంటాండా."

"వినపడింది," అన్నాడు చిన్నమామ. "ఈ గుంపుకు వినపడలేదు. ఇంగోసారి సెప్పు."

మామ నడుం ఎత్తి, రెండు గేరుల జనం వైపు తిరిగి, పళ్లు లేని నోటితో ఊరు దద్దరిల్లేట్టు చెప్పాడు. చిన్నమామ లేచి గాటిపాటి దగ్గరికి పోయి తన ఎద్దును విప్పాడు.